సూర్యుడు: మాటలో, పురాణంలో, పాత చరిత్రలో (నెల్లూరు, ప్రకాశం వారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు)

పిల్లల స్కూల్ ప్రాజెక్టుల కోసం, రథసప్తమి ముందు, గ్రహణం వార్త వచ్చినప్పుడు మన వైపు జనం అడిగే ప్రశ్నలివి. జిల్లాల హద్దులు ఈ మధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి, ఇక్కడ నెల్లూరు, ప్రకాశం అంటే పాత పెద్ద జిల్లాలే అనుకోండి. మన దగ్గర సూర్యుడి జాడ గుళ్ళలో కంటే మాటల్లో, శాసనాల్లో, కార్తెల్లో ఎక్కువ కనిపిస్తుంది. అందుకే జవాబులు కూడా అటువైపే మొగ్గుతాయి.

సూర్యుడికి అచ్చ తెలుగు మాట ఏది?

పొద్దు. పాత రూపం ప్రొద్దు. సూర్యుడు, రవి, భాస్కరుడు ఇవన్నీ సంస్కృతం నుంచి వచ్చాయి. పొద్దు మాత్రం మన ఇంటి మాట. తమిళంలో పొళుదు, కన్నడంలో హొత్తు దీనికి తోబుట్టువులు.

ఈ మాటకు సూర్యుడు అనే అర్థం ఉంది, కాలం అనే అర్థం కూడా ఉంది. పొద్దు పొడిచింది, పొద్దెక్కింది, పొద్దు వాలింది, పొద్దు గుంకింది అంటే ఆకాశంలో ఉన్న సూర్యుడు. పొద్దుపోవడం లేదు, పొద్దుపోయి వచ్చాడు, పొద్దస్తమానం ఫోనే అంటే కాలం. గడియారం లేని రోజుల్లో ఈ రెండిటికీ తేడా చూపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

కొలత కూడా ఆ పొద్దుతోనే. "బారెడు పొద్దెక్కాక లేచాడు" అంటాం. నేల అంచు నుంచి సూర్యుడు ఎంత పైకి వచ్చాడో చేతులు చాచి కొలిచిన లెక్క అది. మూరెడు పొద్దుండగా ఇల్లు చేరాలి, జానెడు పొద్దుంది అనేవి కూడా ఇలాంటివే. పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఈ లెక్క చాలావరకు సరిపోతుంది.

మన వైపు "ఈ పొద్దు" అంటే ఈ రోజు. రాయలసీమలోనూ ఇదే వాడుక. శనివారమో సోమవారమో ఒంటిపూట తిని ఉండే వాళ్ళు "ఒక్కపొద్దు ఉన్నా" అంటారు. రోజుకు ఒక్కసారే భోజనం అని దాని అర్థం.

"ఇప్పుడు, అప్పుడు" అనే మాటల్లో కూడా పొద్దు ఉందంటారు. నిజమేనా?

నిజమే. ఈ, ఆ, ఏ అనే వాటికి పొద్దు కలిసి, వాడుకలో అరిగిపోయి ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు అయ్యాయి. తమిళంలో ఇప్పొళుదు అన్న రూపం ఇంకా విడివిడిగానే కనిపిస్తుంది కాబట్టి అక్కడ ఈ సంగతి సులువుగా తెలుస్తుంది. అంటే తెలుగులో టైమ్ గురించి ఏ ప్రశ్న అడిగినా అందులో సూర్యుడు దాగి ఉన్నట్టే.

ఎండకూ ఎండబెట్టడానికీ సంబంధం ఉందా?

ఉంది, రెండూ ఒకే మూలం. ఎండితే వచ్చేది ఎండు, ఎండించేది ఎండ. మన తీరంలో ఎండుచేపలు, ఇస్కపల్లి వైపు ఉప్పు మళ్ళు, ఇంటి మిద్దె మీద వడియాలు, మిరపకాయలు అన్నీ ఆ మాట కిందకే వస్తాయి.

ఎండలో కూడా రకాలున్నాయి. పొద్దున, సాయంత్రం ఒంటికి హాయిగా తగిలేది నీరెండ. మేలో రోడ్డు మీద నిలబడనివ్వనిది మండుటెండ. దూరాన నీళ్ళున్నట్టు మోసం చేసేది ఎండమావి. గారాబంగా పెరిగిన పిల్లను "ఎండకన్ను ఎరగని పిల్ల" అంటారు. గాలివాటాన్ని బట్టి మాట మార్చేవాడిది "ఏ ఎండకా గొడుగు".

సంస్కృతంలో అన్ని పేర్లు ఎందుకు?

ఒక్కో పేరు ఒక్కో పనిని చెబుతుంది. పగటిని చేసేవాడు దివాకరుడు, కాంతిని ఇచ్చేవాడు ప్రభాకరుడు, భాస్కరుడు. అదితి కొడుకు ఆదిత్యుడు. గాయత్రీ మంత్రంలో పిలిచేది సవితను. సవిత అంటే ప్రేరేపించేవాడు, లేపి పనిలో పెట్టేవాడు. ఆ మంత్రం ఋగ్వేదం మూడో మండలంలో ఉంది. పన్నెండు నెలలకు పన్నెండుగురు ఆదిత్యులు అన్న లెక్క తర్వాతి గ్రంథాల్లో స్థిరపడింది. మనకు తెలిసిన రవిలు, భాస్కర్‌లు, ఆదిత్యలు, భానులు ఎంతమందో లెక్కేసుకుంటే ఈ పేర్ల పట్టు ఎంతో తెలుస్తుంది.

సూర్య అన్న మాటకు గ్రీకుల హీలియోస్, లాటిన్ సోల్, ఇంగ్లీషు సన్ దూరపు చుట్టాలు. భాషా శాస్త్రజ్ఞులు వీటన్నిటికీ ఒకే పురాతన మూలం చూపిస్తారు. మన పొద్దు మాత్రం వేరే కుటుంబంలోది.

ఆదివారం సూర్యుడి వారం ఎలా అయింది?

ఆదివారం అంటే మొదటి వారం అని చాలామంది అనుకుంటారు. అది ఆదిత్యవారం. నోట్లో నలిగి ఆదివారం అయింది.

వారాల వరస వెనక ఒక సరదా లెక్క ఉంది. పాత జ్యోతిష్కులు గ్రహాలను అవి ఆకాశంలో కదిలే తీరును బట్టి, నెమ్మదైన దాని నుంచి వేగమైన దాని దాకా ఇలా పేర్చారు: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజులో 24 హోరలు. ఒక్కో హోరకు ఒక్కో గ్రహం అధిపతి. శనివారం మొదటి హోర శనిది అనుకోండి. ఏడేసి హోరలకు వంతు తిరిగి వస్తుంది కాబట్టి 8, 15, 22 హోరలు మళ్ళీ శనివే. 23 గురుడిది, 24 కుజుడిది. అక్కడితో రోజు అయిపోయింది. మర్నాడు మొదటి హోర రవిది, కాబట్టి అది ఆదివారం. ఇలాగే వేలు మడుస్తూ పోతే సోమ, మంగళ, బుధ అన్నీ వరసగా వస్తాయి. కాగితం మీద వేసి చూడండి, ఎక్కడా తప్పదు.

ఈ ఏడు రోజుల వారం వేదాల్లో లేదు. గ్రీకు, రోమన్ ప్రపంచం నుంచి జ్యోతిషంతో పాటు మన దేశానికి వచ్చింది. మన దేశపు శాసనాల్లో వారం పేరు తేదీతో సహా మొదట కనిపించేది మధ్యప్రదేశ్‌లోని ఎరణ్‌లో. అది క్రీ.శ. 484 నాటి బుధగుప్తుడి శాసనం, ఆ రోజు గురువారం. రోముతో రాకపోకలు మన తీరానికి కొత్త కాదు. 1780ల్లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఆదివారాన్ని సెలవు రోజుగా ప్రకటించింది కూడా రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైనే, క్రీ.శ. 321లో. ఆయన ఆజ్ఞలో ఆ రోజును పిలిచింది సూర్యుడి రోజు అనే.

ఉదయగిరి పేరులో ఉదయం సూర్యోదయమేనా?

పురాణాల్లో సూర్యుడు తూర్పున ఉదయాద్రి మీద లేచి, పడమట అస్తాద్రి వెనక దిగుతాడు. ఉదయగిరి అన్న పేరుకు అర్థం అదే. ఒడిశాలోనూ, మధ్యప్రదేశ్‌లోనూ ఇదే పేరుతో కొండలున్నాయి. మన ఉదయగిరి కొండ సుమారు 3,000 అడుగుల ఎత్తు. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1514లో పట్టుకుని, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయాడు.

పేరుకు ఉదయగిరే గానీ, నెల్లూరు టౌన్ నుంచి చూస్తే అది వాయవ్యాన ఉంది. వేసవిలో పొద్దు గుంకేది ఇంచుమించు ఆ వైపుకే! మనకు పొద్దు పొడిచేది సముద్రంలోంచి, మైపాడులో అయినా కొత్తపట్నంలో అయినా.

ప్రకాశం జిల్లా పేరు గురించి కూడా పిల్లలు అడుగుతుంటారు. అది సూర్యకాంతి నుంచి వచ్చింది కాదు, టంగుటూరి ప్రకాశం పంతులు గారి నుంచి వచ్చింది. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ఆయన పేరు పెట్టుకుంది.

మన జిల్లాల్లో పాత సూర్యుడి గుడి ఉందా?

అరసవల్లి లాంటి పేరుమోసిన క్షేత్రం మన దగ్గర లేదు. కానీ తెలుగు సాహిత్యంలో ఎంతో విలువైన ఒక రాయి మీద సూర్యుడి పేరు ఉంది. అది అద్దంకి శాసనం.

తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు వేయించిన శాసనం అది. క్రీ.శ. 848 నాటిదని లెక్క. తరువోజ ఛందస్సులో పద్యం ఉన్న తొలి తెలుగు శాసనంగా సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. నన్నయ కంటే రెండు వందల ఏళ్ళ ముందే ఇంత బిగువైన పద్యం ఉందా అని ఆశ్చర్యపోతారు. అందులో పన్నెండు బోయ కొట్టాలను గెలిచిన సంగతి, కందుకూరు ప్రస్తావన ఉంటాయి. అయితే పద్యం దగ్గరే చదవడం ఆపేసేవాళ్ళు ఎక్కువ. పద్యం తర్వాత వచన భాగం ఉంది. పండరంగడు ఆదిత్యభటారుడికి ఎనభై పుట్ల వడ్లు పండే నేల దానం ఇచ్చాడని అందులో రాసి ఉంది.

భటారుడు అంటే పూజ్యుడు. దేవుళ్ళ పేర్ల చివరా, గొప్పవాళ్ళ పేర్ల చివరా ఆ మాట వాడేవారు. అందుకే దీన్ని సూర్యదేవుడు అని చదివేవారున్నారు, ఆదిత్యుడనే పెద్దమనిషి అని చదివేవారున్నారు. అంత నేల, కాపాడినవారికి అశ్వమేధ ఫలం దక్కుతుందన్న మాట, ఇవి చూస్తే గుడి దేవుడికి ఇచ్చిన దానంలాగే నాకు కనిపిస్తుంది. దానం ఇచ్చినవాడు తనను తాను పరమ మాహేశ్వరుడినని, అంటే శివభక్తుడినని చెప్పుకున్నాడు. శివభక్తుడు సూర్యుడికి భూమి రాసివ్వడం ఆ కాలంలో వింత కాదు.

ఇంకా వెనక్కి పోతే, నాలుగైదు శతాబ్దాల్లో వేంగిని ఏలిన శాలంకాయనులు తమను చిత్రరథస్వామి పాదభక్తులమని రాగి శాసనాల్లో చెప్పుకున్నారు. చిత్రరథస్వామి అంటే సూర్యుడేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది భావన.

శాసనాల పైన సూర్యుడు, చంద్రుడు బొమ్మలు ఎందుకు చెక్కుతారు?

దానం ఎంతకాలం చెల్లుతుందో చెప్పడానికి. "ఆచంద్రార్కం" అని రాస్తారు. చంద్రుడు, సూర్యుడు ఉన్నంతకాలం అని అర్థం. చదువురాని వాడికి కూడా తెలియాలని పైన ఒక గుండ్రం, ఒక నెలవంక చెక్కేవారు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. అవి తిరగేస్తే ఈ మాట ఎన్నిసార్లు వస్తుందో చూడొచ్చు. మీ ఊరి గుడి దగ్గర నేలలో సగం కూరుకుపోయిన రాయి మీద ఈ రెండు గుర్తులు కనిపిస్తే, కింద దానశాసనం ఉండే అవకాశం ఎక్కువ. దాని మీద సున్నం కొట్టకుండా చూడండి.

అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాల మీద పడేది మహిమా, లెక్కా?

కట్టినవాళ్ళ లెక్క చాలా గట్టిది. అది తెలిస్తే మహిమ తగ్గుతుందని నేననుకోను.

సూర్యుడు ఏడాదంతా ఒకే చోట ఉదయించడు. జూన్‌లో తూర్పుకు ఉత్తరంగా, డిసెంబరులో దక్షిణంగా జరుగుతాడు. మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతంలో సరిగ్గా తూర్పున ఉంటాడు, ఆ రోజులనే విషువత్తులు అంటారు. కాబట్టి దిక్చక్రం, అంటే నేల అంచు మీద ఏ చోటునైనా ఏడాదిలో రెండుసార్లు దాటుతాడు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. అరసవల్లిలో కిరణాలు పడే రోజులు మార్చి 9 నుంచి 11, అక్టోబరు 1 నుంచి 3. మొదటిది వసంత విషువత్తుకు పది రోజుల ముందు, రెండోది శరద్ విషువత్తుకు పది రోజుల తర్వాత. ఆ రెండు సార్లూ సూర్యుడు ఒకే చోట ఉదయిస్తాడు. ద్వారాల వరసను ఆ చోటుకు సూటిగా పెట్టి కట్టారు, అంతే.

మనకు దగ్గర్లో చూడాలంటే నాగలాపురం వేదనారాయణస్వామి గుడి ఉంది. అక్కడ మార్చి నెలాఖరున మూడు రోజులు సాయంత్రపు ఎండ లోపలికి వస్తుంది. మొదటి రోజు పాదాల మీద, రెండో రోజు నాభి మీద, మూడో రోజు శిరసు మీద పడుతుంది.

రథానికి ఒకే చక్రం, ఏడు గుర్రాలు ఎందుకు?

చక్రం సంవత్సరం, దానికి పన్నెండు ఆకులు నెలలు. ఏడు గుర్రాలు ఏడు ఛందస్సులు: గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి. ఇంద్రధనుస్సు ఏడు రంగులే గుర్రాలని వాట్సాప్‌లో తిరిగేది ఈ కాలపు కల్పన. పురాణం చెప్పింది ఛందస్సులనే. సారథి అనూరుడు, అంటే తొడలు లేనివాడు. గరుత్మంతుడి అన్న. తల్లి వినత తొందరపడి గుడ్డు ముందే పగలగొట్టడంతో సగం శరీరంతో పుట్టాడు. సూర్యుడి కంటే ముందు వచ్చే ఎరుపు అతనిదే, అందుకే అరుణుడు అని ఇంకో పేరు.

శని సూర్యుడి కొడుకే కదా, ఇద్దరికీ పడదెందుకు?

సూర్యుడి భార్య సంజ్ఞ, విశ్వకర్మ కూతురు. మొగుడి వేడి భరించలేక తన నీడను, అంటే ఛాయను ఇంట్లో పెట్టి వెళ్ళిపోయింది. ఆడగుర్రమై ఉత్తర కురుభూముల్లో తిరిగింది. యముడు, యమున, వైవస్వత మనువు సంజ్ఞ పిల్లలు. శని ఛాయ కొడుకు. ఛాయ తన పిల్లలను ఒకలా, సవతి పిల్లలను ఒకలా చూస్తుంటే యముడు కాలెత్తాడు, ఆమె శపించింది. కన్నతల్లి ఇలా శపించదని సూర్యుడికి అనుమానం వచ్చి గుట్టు బయటపడింది. తర్వాత మామగారు విశ్వకర్మ అల్లుడిని సాన మీద పెట్టి తేజస్సు అరగదీశాడు. రాలిన పొడితో విష్ణువుకు చక్రం, శివుడికి త్రిశూలం, కుమారస్వామికి శక్తి తయారయ్యాయి. సూర్యుడు మగగుర్రమై సంజ్ఞను కలిస్తే అశ్వినీదేవతలు పుట్టారు.

తండ్రీకొడుకుల వైరం గురించి జ్యోతిషంలో చెప్పేదంతా ఈ ఇంటి గొడవ మీదే నిలబడింది. వెలుగుకూ నీడకూ పుట్టిన పిల్లవాడు నల్లగా, మెల్లగా ఉండడం కథ అల్లినవాడి తెలివి.

సూర్యుడి విగ్రహానికి కొన్నిచోట్ల బూట్లు ఉంటాయెందుకు?

ఉత్తరాది విగ్రహాల్లో మోకాళ్ళ దాకా బూట్లు, నడుముకు పట్టీ కనిపిస్తాయి. మధ్య ఆసియా, ఇరాన్ వైపు నుంచి వచ్చిన వేషం అది. శిల్ప గ్రంథాలు దాన్ని ఉదీచ్యవేషం అన్నాయి. పైన చెప్పిన కథలో విశ్వకర్మ పాదాలను మాత్రం అరగదీయలేదు. అందుకే పాదాలు బయటికి చెక్కకూడదని మత్స్యపురాణం కారణం చెప్పింది. వేషం ముందు వచ్చి, కారణం తర్వాత వచ్చి ఉంటుందని నా అభిప్రాయం.

మన దక్షిణాదిలో సూర్యుడు ఉత్త కాళ్ళతోనే ఉంటాడు. రెండు చేతుల్లో తామర మొగ్గలు భుజాల ఎత్తున పట్టుకుని ఉంటాడు. మీ ఊరి శివాలయంలో నవగ్రహ మండపం మధ్యలో చూడండి. ఎర్రబట్ట, గోధుమలు, జిల్లేడు సమిధ, మాణిక్యం ఆయనవే.

తిక్కన, ఎర్రన సూర్యుడి గురించి ఏమైనా రాశారా?

ఇది మనం గర్వంగా చెప్పుకోగల విషయం. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు. ఆయన చివరి పద్యం శరత్కాలపు రాత్రుల మీద. ఆ పర్వం మిగతా భాగాన్ని పూర్తి చేసిన ఎర్రన అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కొలువులో కవి. ఆయన మొదటి పద్యం శరత్కాలపు పగటి మీద. తొలి కిరణాల ఎరుపుతో "స్ఫురదరుణాంశురాగరుచి" అని మొదలవుతుంది. నన్నయ రాత్రి దగ్గర ఆగితే, సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత మనవాడు తెల్లవారడంతో ఎత్తుకున్నాడు. అనుకోకుండా జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

ఎర్రన పూరించిన ఆ భాగంలోనే కర్ణుడి కవచకుండలాల కథ ఉంది. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడుగుతాడు, ఇవ్వవద్దని సూర్యుడు కలలో కొడుకును హెచ్చరిస్తాడు. కర్ణుడు వినడు. నెల్లూరు తిక్కన రాసిన ఉద్యోగపర్వంలో కుంతి గంగ ఒడ్డున కర్ణుడిని కలిసేది అతను సూర్యోపాసన చేసుకుంటున్నప్పుడే. ఆమె చెప్పేది నిజమని ఆకాశం నుంచి సూర్యుడి గొంతు వినిపిస్తుంది. తండ్రి చెప్పినా కొడుకు పక్షం మారడు. తిక్కన ప్రభువు మనుమసిద్ధి తెలుగు చోడుల వంశం, కరికాల చోళుడి నుంచి వచ్చిన సూర్యవంశమని చెప్పుకున్న వంశం. సూర్యుడి కొడుకు ఓడిపోయే కథను సూర్యవంశపు రాజు కొలువులోని కవి తెలుగు చేశాడు.

రథసప్తమికి జిల్లేడు ఆకులు, చిక్కుడు ఎందుకు?

మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి. జిల్లేడుకు సంస్కృతంలో అర్కం అని పేరు, సూర్యుడికీ అదే పేరు. ఆ పేరు కలవడమే ఏడు ఆకులు, రేగుపళ్ళు తల మీద పెట్టుకుని స్నానం చేసే ఆచారానికి మూలం. వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండుతారు, చిక్కుడు ఆకుల్లో నైవేద్యం పెడతారు. చిక్కుడుకాయలకు చీపురుపుల్లలు గుచ్చి రథం చేస్తారు, ఆ రోజుల్లో చిక్కుడు బాగా కాస్తుంది కూడా. ఒక జాగ్రత్త. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. పిల్లలకు ఆకులు పెట్టేటప్పుడు పాలు కారిపోయాక, కడిగి పెట్టండి.

సంక్రాంతి రోజే ఉత్తరాయణం మొదలవుతుందా?

ఆకాశంలో అయితే కాదు. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మకర రాశిలో అడుగుపెట్టేది జనవరి 14 లేదా 15న. భూమి అక్షం బొంగరంలా నెమ్మదిగా తూలుతుండడం వల్ల 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున ఈ రెండూ దూరమవుతూ వచ్చాయి. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజు పడేవి. పంచాంగం నక్షత్రాలను పట్టుకుంది, రుతువులు సూర్యుడిని పట్టుకున్నాయి. పండుగ మార్చాల్సిన పనేమీ లేదు.

కార్తెలకూ సూర్యుడికీ ఏమిటి సంబంధం?

సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. 27 నక్షత్రాలు, ఒక్కోదానిలో పదమూడు, పద్నాలుగు రోజులు. ఏప్రిల్ మధ్యలో అశ్వినితో మొదలవుతాయి. చంద్రుడి తిథులు ఏటా అటూ ఇటూ జరుగుతాయి గానీ కార్తెలు జరగవు, అందుకే రైతుకు ఇవే నమ్మకం. మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది, ఆ ఎండలకు రోళ్ళు పగులుతాయని సామెత. జూన్ 7, 8 నుంచి మృగశిర.

అయితే సామెతల్లో చాలావరకు నైరుతి రుతుపవనాలను చూసి పుట్టినవి. మన తీరానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పంచాంగంలో అందరూ ఆరుద్ర కోసం చూస్తుంటే మనం స్వాతి, విశాఖ కార్తెల కోసం చూస్తాం.

నీడ మాయమయ్యే రోజు మన దగ్గర ఎప్పుడు?

సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండు రోజులే. నెల్లూరులో ఏప్రిల్ 28, 29 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 13, 14 ప్రాంతంలో. ఒంగోలులో మే 2, 3, తర్వాత ఆగస్టు 9, 10. మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు నిటారుగా నిలబెట్టిన సీసా కింద నీడ కనిపించదు. ఆగస్టులో మబ్బు పట్టొచ్చు, ఏప్రిల్ రోజే చూసుకోవడం మేలు. టోపీ మరవకండి.

గ్రహణం గురించి ఏది నమ్మాలి?

ఋగ్వేదం ఐదో మండలంలో స్వర్భానుడు సూర్యుడిని చీకటితో కప్పితే అత్రి విడిపించాడని ఉంది. రాహువు కథ ఆ తర్వాతిది. క్రీ.శ. 499లో ఆర్యభటుడు ఇది చంద్రుడి నీడ అని స్పష్టంగా చెప్పేశాడు. పంచాంగకర్తలు గ్రహణం గణించేది కూడా నీడ లెక్కతోనే, రాహువు మింగాడన్న కథతో కాదు. మనం రోజూ వాడే "పట్టువిడుపు" మాట కూడా గ్రహణం పట్టడం, విడవడంలో వినిపిస్తుంది.

గ్రహణం మొర్రి గ్రహణం వల్ల రాదు. వంశంలో ఉన్న కారణాలు, గర్భిణికి పోషకాహారం తగ్గడం లాంటివి దానికి మూలం. ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. కడుపుతో ఉన్న అమ్మాయిని గంటల తరబడి తిండీ నీళ్ళూ లేకుండా కూర్చోబెట్టడం మాత్రం నిజంగా హాని. ఉత్త కళ్ళతో సూర్యుడిని చూడకూడదన్నది నిజం, గ్రహణం రోజైనా మామూలు రోజైనా.

మన పక్కనే జరిగిన ఒక సంగతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో పరిశీలించాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో గమనించిన ఒక పసుపు గీత అప్పటిదాకా తెలియని మూలకానిదని తేలింది. గ్రీకు సూర్యుడి పేరుతో దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద దాన్ని వేరుచేసి చూపింది 1895లో.

మిగతా పాత నాగరికతల్లో సూర్యుడు ఎలా ఉండేవాడు?

అన్నిచోట్లా మగవాడు కాదు. జపాన్ సూర్యదేవత అమతెరాసు ఆడది. తమ్ముడి ఆగడాలు భరించలేక గుహలో దాక్కుంటే, మిగతా దేవతలు బయట నాట్యం చేసి, అద్దం చూపించి రప్పించారు. ఉత్తర ఐరోపా కథల్లోనూ సూర్యుడు స్త్రీయే.

ఈజిప్టులో రా పగలు పడవ మీద ఆకాశం దాటి, రాత్రి పాతాళంలో అపోఫిస్ అనే పాముతో పోరాడి తెల్లవారేసరికి బయటపడేవాడు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో అఖెనాటెన్ మిగతా దేవుళ్ళను పక్కకు నెట్టి సూర్యబింబం ఆటెన్ ఒక్కడినే కొలవమన్నాడు. ఆయన పోగానే ఆ మతమూ పోయింది. అరసవల్లి తరహా లెక్క అబూ సింబెల్‌లోనూ ఉంది, అక్కడ ఫిబ్రవరి 22, అక్టోబరు 22న కిరణాలు గర్భగుడి దాకా వెళతాయి.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది బాబిలోన్ సూర్యుడు షమాష్. ఆయన న్యాయదేవుడు. క్రీ.పూ. 18వ శతాబ్దపు హమ్మురాబి చట్టాల రాతి మీద, పైన రాజు నిలబడి ఉంటే ఎదురుగా కూర్చున్నది ఆయనే. మన వాళ్ళు సూర్యుడిని కర్మసాక్షి అంటారు. పొలం గట్టు తగాదాలో "పైన సూర్యభగవానుడు చూస్తున్నాడు" అని ఒట్టేసే రైతుకు షమాష్ ఎవరో చెప్తే వెంటనే అర్థమవుతుంది.

సూర్యుడి మీదికి పంపిన ఆదిత్య మన జిల్లా నుంచే వెళ్ళిందా?

సూర్యుడి మీదికి కాదు, సూర్యుడిని చూడటానికి. ఆదిత్య ఎల్-1ను 2023 సెప్టెంబరు 2న పీఎస్ఎల్‌వీ సీ-57 రాకెట్ మీద శ్రీహరికోట నుంచి పంపారు. 2022 దాకా శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనే ఉండేది, జిల్లాల విభజనలో తిరుపతి వైపు పోయింది. 2024 జనవరి 6న ఆదిత్య తన కక్ష్య చేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం, సూర్యుడి దాకా ఉన్న దూరంలో నూరో వంతు. ఏడు పరికరాలు ఉన్నాయి. ఏడు గుర్రాలకు సరిపోయిందని సంబరపడేవాళ్ళకు అడ్డు చెప్పను గానీ, శాస్త్రవేత్తలు ఆ లెక్కతో పెట్టలేదు.